మార్పులు చేసిన అంబాసిడర్, పద్మిని, కాంటెస్సా కొనాలన్నా అమ్మాలన్నా: తరచుగా అడిగే ప్రశ్నలు

పాత కార్లు కొనడం, బాగుచేయించడం, కొన్నేళ్ళు నడిపి ఇంకొకరి చేతికి ఇవ్వడం పదిహేనేళ్ళుగా చేస్తున్నాను. ఇది నాకు వ్యాపారం కాదు, ఇష్టం. ఇప్పటికి రెండు అంబాసిడర్లు, ఒక పద్మిని, ఒక కాంటెస్సా నా పేరు మీద ఉండి వెళ్ళాయి, మూడో అంబాసిడర్ ఇంటి ముందు ఉంది. ఫోన్ చేసేవాళ్ళు పదేపదే అడిగే ప్రశ్నలన్నీ ఒకచోట పెడుతున్నాను. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లో బండి నడిపేవాళ్ళను దృష్టిలో పెట్టుకుని రాసినవి ఇవి.

"మోడిఫైడ్" అంటే ఏయే మార్పులు?

ఆ మాటను అందరూ ఒకేలా వాడరు, సగం గొడవలు అక్కడే మొదలవుతాయి. నేను మూడు రకాలుగా చూస్తాను. మొదటివి, ఒక్క పూటలో విప్పేసి పాతవి బిగించగలిగినవి: డైనమో బదులు ఆల్టర్నేటర్, పాయింట్ల బదులు ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్, ఎలక్ట్రిక్ ఫ్యూయల్ పంపు, హాలోజన్ లైట్లు లాంటివి. రెండోవి, వెనక్కి మార్చొచ్చు గానీ డబ్బూ ఓపికా రెండూ కావాలి: ముందు చక్రాలకు డిస్క్ బ్రేకులు, ఏసీ, పవర్ స్టీరింగ్, స్టీరింగ్ పక్కనున్న గేరు రాడ్‌ను కిందికి దింపడం. మూడోవి బండి గుర్తింపునే మార్చేస్తాయి: వేరే కంపెనీ ఇంజన్, పైకప్పు కోసెయ్యడం, వెడల్పు టైర్ల కోసం మడ్‌గార్డులు కత్తిరించడం, బాడీ పొడవు మార్చడం.

మొదటి రకం చూసి భయపడకండి. నిజానికి రోజూ నడిపే పాత బండికి అవి మేలే చేస్తాయి. రెండో రకం పనితనాన్ని బట్టి ఉంటుంది. మూడో రకం మీద మాత్రం, ఎంత అందంగా ఉన్నా, కాగితాలు చూడకుండా మనసు పెట్టుకోవద్దు.

ఇలా మార్చడానికి చట్టం ఒప్పుకుంటుందా?

మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా ఓనరు బండిని మార్చకూడదు. 2019 జనవరిలో కేరళ నుంచి వెళ్ళిన కేసులో సుప్రీంకోర్టు ఇదే గట్టిగా చెప్పింది. అదే ఏడాది చట్టానికి చేసిన సవరణలో 182ఏ సెక్షన్ వచ్చింది, దాని కింద అనుమతి లేని ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ పడొచ్చు. జరిమానా బండికి ఒకసారి కాదు, మార్పుకు ఒకసారి అన్నది గుర్తుపెట్టుకోండి.

మరి అందరూ తిరుగుతున్నారు కదా అంటారు. తిరుగుతున్నారు, రోడ్డు మీద ఎవరూ ఆపకపోవచ్చు కూడా. కానీ బండి చేతులు మారేటప్పుడు, పదిహేనేళ్ళు దాటిన బండికి ఐదేళ్ళకోసారి రిజిస్ట్రేషన్ పొడిగించేటప్పుడు, ప్రమాదం జరిగి ఇన్సూరెన్స్ సర్వేయర్ వచ్చినప్పుడు, ఈ మూడు సందర్భాల్లో ఎవరో ఒకరు బానెట్ ఎత్తి నంబరు చూస్తారు. మార్పు అప్పుడు బయటపడుతుంది.

రంగు మార్చినా ఆర్‌సీలో ఎక్కించుకోవాలి. తెల్ల అంబాసిడర్‌ను ముదురు ఆకుపచ్చ చేసి, ఆర్‌సీలో తెలుపు అలాగే ఉంచేసేవాళ్ళు చాలామంది. చిన్న పనే, చేయించేసుకోండి.

ఇంజన్ మార్చిన కారు కొనొచ్చా?

నాకు అన్నిటికంటే ఎక్కువగా వచ్చే ప్రశ్న ఇదే, కాబట్టి కాస్త వివరంగా చెప్తాను.

ఇంజన్ ఎందుకు మారుస్తారో ముందు అర్థం చేసుకోవాలి. పాత అంబాసిడర్‌లో ఉండేది మోరిస్ కాలం నాటి 1489 సీసీ పెట్రోల్ ఇంజన్, దాదాపు 50 హార్స్‌పవర్. ఊళ్ళో తిరగడానికి సరిపోతుంది, కానీ విజయవాడ హైవే మీద లారీని దాటాలంటే ముందు నుంచే లెక్క వేసుకోవాలి. 1990ల మొదట్లో హిందుస్థాన్ మోటార్స్ వాళ్ళే ఇసుజు 1817 సీసీ ఇంజన్, ఐదు గేర్ల బాక్సు పెట్టిన అంబాసిడర్‌ను తెచ్చారు, శక్తి 75 హార్స్‌పవర్‌కు పెరిగింది. అదే ఇంజన్ కాంటెస్సా క్లాసిక్‌లో కూడా ఉంది. అందుకే పాడైపోయిన కాంటెస్సా నుంచి ఇంజన్, గేర్‌బాక్సు తీసి పాత మార్క్ 3, మార్క్ 4 అంబాసిడర్లలో పెట్టడం మన దగ్గర బాగా నడిచిన పని. పద్మినిలో 1089 సీసీ ఫియట్ ఇంజన్ తీసేసి, పద్మిని తయారుచేసిన ప్రీమియర్ వాళ్ళదే అయిన 118 ఎన్‌ఈ కారులోని నిస్సాన్ ఏ12 ఇంజన్ పెట్టడమూ అలాంటిదే. ఒకే కంపెనీ కార్లు కాబట్టి మెకానిక్‌లకు పని తెలుసు, బండి కూడా హాయిగా నడుస్తుంది. నడిపితే నచ్చకపోవడం కష్టం.

కానీ ఆర్‌సీలో ఉండేది పాత ఇంజన్ నంబరు. కొత్త ఇంజన్‌ను ముందుగా ఆర్టీఏ అనుమతి తీసుకుని, బిల్లు చూపించి, ఆర్‌సీలో ఎక్కించి ఉంటే ఏ టెన్షనూ లేదు. అలా ఎక్కించిన బండి దొరికితే నాలుగు డబ్బులు ఎక్కువైనా తీసుకోండి. ఎక్కించకపోతే, మీరు కొంటున్నది బండి ఒక్కటే కాదు, పాత ఓనరు చెయ్యకుండా వదిలేసిన పనిని కూడా కొంటున్నారు.

నా పద్మిని అలాంటిదే. అమ్మినాయన "ఇంజన్ నంబరు ఎవరూ చూడరండీ" అన్నాడు, నేను నమ్మాను. ట్రాన్స్‌ఫర్‌కు తీసుకెళ్తే ఇన్‌స్పెక్టర్ చూసిన మొదటి విషయం అదే. ఆయన తప్పేం లేదు, ఆయన పని ఆయన చేశాడు. పదకొండు నెలలు ఆ బండి నా ఇంటి ముందు వేరేవాళ్ళ పేరు మీదే నిలబడింది. చివరికి ఆ ఇంజన్ మార్చిన షెడ్డు ఎక్కడుందో వెతుక్కుంటూ వెళ్తే, పాత ఫియట్ బ్లాక్ వెనక గోడ పక్కన, టార్పాలిన్ కింద, వానకు తడుస్తూ కనిపించింది. దానికి బోరు కొట్టించి, కొత్త పిస్టన్లు, రింగులు వేయించి తిరిగి బిగిస్తే గానీ కాగితాలు నా పేరు మీదికి రాలేదు. ఆ బ్లాక్‌ను ఎవరైనా పాత ఇనుముకు వేసేసి ఉంటే ఏమయ్యేదో ఇప్పటికీ ఆలోచించలేను.

అందుకే ఇంజన్ మార్చిన బండి చూసినప్పుడు నేను అడిగే మొదటి ప్రశ్న "పాత ఇంజన్ ఎక్కడ ఉంది?" అన్నదే. జవాబు సూటిగా రాకపోతే ధర ఎంత తక్కువైనా వెనక్కి వచ్చేస్తాను.

ఆర్‌సీలో, రికార్డులో ఏం సరిచూసుకోవాలి?

ఛాసిస్ నంబరు, ఇంజన్ నంబరు, ఇంధనం, సీసీ, రంగు, సీట్లు, తయారీ నెల, ఏడాది. వీటిని ఫొటోలో కాదు, బండి దగ్గర టార్చి వేసి చూడండి. ఛాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది ప్రింట్ తీసుకోండి, అంకెలు వంకరగా ఉన్నా, చుట్టూ ఇనుము గీకినట్టు, కొత్తగా వెల్డింగ్ చేసినట్టు ఉన్నా అక్కడితో ఆపేయండి. తుప్పు పట్టి నంబరు కనిపించకపోవడం వేరు, గీకేసి ఉండటం వేరు. చేత్తో తడిమితే తేడా తెలుస్తుంది.

ఇంకో ముఖ్యమైన సంగతి. 1980ల చివర్లో ఇప్పటి నంబర్ల పద్ధతి రాకముందు మన రాష్ట్రంలో మూడు అక్షరాల నంబర్లు ఉండేవి, ఆ బండ్ల వివరాలు పుస్తకాల్లో రాసేవారు. చేతిలో పాత ఆర్‌సీ పుస్తకం ఉన్నంత మాత్రాన కంప్యూటర్‌లో రికార్డు ఉందనుకోకండి. ఆన్‌లైన్‌లో నంబరు కొడితే ఏమీ రాకపోతే, ముందు ఓనరే ఆఫీసుకు వెళ్ళి రికార్డు ఎక్కించుకోవాలి. అది అయ్యాకే డబ్బు మాట. అలాగే నంబరు ఏపీ 09 అని ఉంటే రికార్డు ఆంధ్రలో ఉందనుకోవద్దు, అది ఖైరతాబాద్ నంబరు, 2014కు ముందు హైదరాబాద్‌లో రిజిస్టరైన బండి. గుంటూరులో ఉన్నవాళ్ళు అలాంటి బండి కొంటే అది వేరే రాష్ట్రం బండి కిందే లెక్క.

లోన్ తీర్చేసి ఇరవై ఏళ్ళయినా ఆర్‌సీలో ఫైనాన్స్ కంపెనీ పేరు అలాగే ఉండిపోవడం మామూలే. ఫారం 35, ఆ కంపెనీ ఇచ్చే లెటర్ ఉంటేనే అది పోతుంది. కంపెనీ మూతపడి ఉంటే ఆ తలనొప్పి అమ్మేవాళ్ళదే కావాలి, మీది కాకూడదు.

బండి చూడడానికి వెళ్తున్నాను, మెకానిక్ దొరకలేదు. నేనే ఏం చూసుకోగలను?

ముందు రోజే ఫోన్ చేసి, నేను వచ్చేదాకా బండి స్టార్ట్ చెయ్యొద్దు అని చెప్పండి. వెళ్ళగానే బానెట్ మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే, పొద్దున్నే సతాయించే బండి అయ్యుండొచ్చు. చల్లటి ఇంజన్ చోక్ లాగితే ఎలా లేస్తుంది, మొదటి నిమిషం ఎలాంటి పొగ వస్తుంది, ఆయిల్ ప్రెషర్ లైటు ఎంతసేపటికి ఆరుతుంది, ఇవన్నీ అప్పుడే తెలుస్తాయి. నీలం పొగ ఆగకుండా వస్తుంటే రింగులో, వాల్వ్ సీల్సో పోయాయి. తెల్ల పొగతో పాటు రేడియేటర్ నీళ్ళలో నూనె తేలుతుంటే హెడ్ గాస్కెట్ పని.

ఇంజన్ కంటే నేను బాడీకి ఎక్కువ సమయం ఇస్తాను. ఇంజన్ బాగుచేయించొచ్చు, తుప్పు తిన్న బాడీని బాగుచేయించడానికి బండి ధర కంటే ఎక్కువ అవుతుంది. అంబాసిడర్‌కూ పద్మినికీ లారీలాగా విడిగా ఛాసిస్ ఫ్రేము ఉండదు, బాడీయే బలం. అందుకే అడుగు రేకు మెత్తబడితే అది అందానికి సంబంధించిన విషయం కాదు, ప్రాణానికి సంబంధించినది. మ్యాట్లు ఎత్తి డ్రైవర్ కాళ్ళ దగ్గర, తలుపుల కింద గడప భాగం, డిక్కీలో స్టెప్నీ కింద, బ్యాటరీ ట్రే కింద, వెనక స్ప్రింగు పట్టీలు బాడీకి కలిసే చోట స్క్రూడ్రైవర్ వెనక వైపుతో కొట్టి చూడండి. గట్టి రేకు ఖణేల్‌మంటుంది, తుప్పు తిన్నది దబ్‌మంటుంది. మెత్తటి గుడ్డలో చుట్టిన చిన్న అయస్కాంతం తీసుకెళ్ళండి. లప్పం మందంగా పెట్టినచోట అది నిలవదు. సముద్రం పక్క ఊళ్ళలో, విశాఖలోనో కాకినాడలోనో చాలాకాలం ఉన్న బండి అయితే ఈ పని రెండింతలు జాగ్రత్తగా చెయ్యండి.

మార్పులు చేసిన బండికి ఇంకొన్ని చూడాలి. ఇంజన్ శక్తి పెంచారు సరే, బ్రేకులు పెంచారా? పాత అంబాసిడర్‌కు నాలుగు చక్రాలకూ డ్రమ్ములే. 75 హార్స్‌పవర్ పెట్టి పాత డ్రమ్ములే ఉంచితే ఆ బండి వేగం అందుకుంటుంది గానీ ఆగదు. ఇలాంటి బండి నేను ఎంత ఇష్టమున్నా కొనను, కొన్నా బ్రేకులు మార్చేదాకా రోడ్డెక్కించను. ఇంజన్ మౌంటింగులు కొత్తగా వెల్డ్ చేసినచోట పగుళ్ళున్నాయా, ఏసీ పెట్టాక రేడియేటర్ పెద్దది వేశారా లేక పాతదే ఉంచి ఫ్యాన్ ఒకటి తగిలించారా చూడండి. మే నెల ఎండలో ఏసీ వేసి పావుగంట నిలబెడితే టెంపరేచర్ ముల్లు చెప్పేస్తుంది.

వైరింగ్ చూడకుండా మాత్రం రావద్దు. డ్యాష్‌బోర్డు కింద తల పెట్టి చూస్తే, రంగురంగుల వైర్లు మెలిపెట్టి టేపు చుట్టి వేలాడుతుంటే, ఫ్యూజు లేకుండా హారన్లు, లైట్లు, మ్యూజిక్ సిస్టమ్ నేరుగా బ్యాటరీకి కలిపి ఉంటే, ధరలో పూర్తి వైరింగ్ ఖర్చు తగ్గించి మాట్లాడండి. పాత కార్లు కాలిపోవడానికి ఇలాంటి వైరింగే దారి.

ధర ఎలా కట్టాలి?

దీనికి పుస్తకం లేదు. అంబాసిడర్ 2014లో ఆగిపోయింది, కాంటెస్సా 2002లో, పద్మిని అంతకంటే ముందే. ఒకే ఏడాది బండి ఒకరి దగ్గర పాత ఇనుము ధరకు, ఇంకొకరి దగ్గర కొత్త చిన్న కారు ధరకు పలుకుతుంది, రెండూ న్యాయమే కావచ్చు.

అమ్మేవాళ్ళు ఒప్పుకోవడానికి కష్టపడే మాట ఒకటుంది: మార్పులకు పెట్టిన డబ్బు తిరిగి రాదు. మీరు సీట్లకు లెదర్ వేయించడానికి పెట్టింది మీ ఆనందం కోసం పెట్టారు, కొనేవాడి ఆనందం వేరు. తిరిగి వచ్చేవి నా అనుభవంలో కొన్నే: మంచి టింకరింగ్, బిల్లులున్న ఇంజన్ పని, డిస్క్ బ్రేకులు, చక్కగా చేసిన ఏసీ. వెడల్పు అల్లాయ్ చక్రాలు, పెద్ద సౌండ్ సైలెన్సర్ ధర తగ్గిస్తాయి తప్ప పెంచవు.

కొనేవాళ్ళు ఇంకోలా లెక్క వేసుకోవాలి. బండి ధర, ట్రాన్స్‌ఫర్, రిజిస్ట్రేషన్ పొడిగింపు, గ్రీన్ ట్యాక్స్, ఇన్సూరెన్స్, ఐదు టైర్లు, బ్యాటరీ, మొదటి ఆరు నెలల షెడ్డు ఖర్చు. 2025 ఆగస్టులో కేంద్రం ఇరవై ఏళ్ళు దాటిన కార్లకు రిజిస్ట్రేషన్ పొడిగింపు ఫీజును 5,000 నుంచి 10,000 రూపాయలకు పెంచింది, అది కూడా లెక్కలో ఉండాలి. గడువు దగ్గరపడిన బండి అయితే ఆ పని అమ్మేవాళ్ళతోనే చేయించండి, అప్పుడు ఫిట్‌నెస్ పరీక్ష కూడా వాళ్ళ చేతి మీదుగానే దాటుతుంది.

విప్పేసిన పాత సామాన్లు దాచాలా?

దాచండి. కార్బొరేటర్, డైనమో, స్టీరింగ్ చక్రం, వీల్ కప్పులు, మీటర్ బోర్డు, నట్టూ బోల్టుతో సహా. చెన్నై పుదుపేటలోనో మన విజయవాడ ఆటోనగర్‌లోనో వెతికితే ఇప్పటికీ కొన్ని దొరుకుతాయి గానీ, మీ బండితో పుట్టిన సామాను ఇంకోచోట దొరకదు. అమ్మేటప్పుడు ఒక చెక్కపెట్టెలో సర్ది చూపించండి, కొనేవాళ్ళ మొహం మారడం మీరే చూస్తారు. ఏ ధర మాటలూ చెయ్యలేని పని ఆ పెట్టె చేస్తుంది.

ఫొటోలో తళతళలాడే మోడిఫైడ్ జీపు ఉత్తరాది నుంచి తక్కువకు వస్తోంది, తీసుకోనా?

హర్యానాలో మండీ డబ్వాలీ ఈ జీపులకు పేరుమోసిన చోటు. బాడీ కొత్తగా కట్టి, ఎవరికి ఏ ఇంజన్ కావాలంటే అది పెట్టి ఇస్తారు, పనితనం బాగానే ఉంటుంది. అసలు ప్రశ్న కాగితాలది. ఎప్పుడో తుక్కైన జీపు ఆర్‌సీ ఒకటి, కొత్తగా కట్టిన బండి ఇంకొకటి అయితే, అది మన ఆర్టీఏలో మీ పేరు మీదికి ఎప్పటికీ రాదు. ఛాసిస్ నంబరు ఫొటో, ఎన్‌ఓసీ (అక్కడి ఆర్టీఏ ఇచ్చే అభ్యంతరం లేదన్న పత్రం), ఆర్‌సీ మూడూ ముందుగా తెప్పించుకుని చూడకుండా ఒక్క రూపాయి పంపొద్దు. ఆర్మీ వేలంలో కొన్న జీపు అని చెప్తే వేలం కాగితాలు కూడా అడగండి.

ఢిల్లీలో కార్లు చాలా చవక అంటున్నారు. ఎన్‌ఓసీ సంగతేంటి?

చవకకు కారణం ఉంది. అక్కడ పదేళ్ళు దాటిన డీజిల్, పదిహేనేళ్ళు దాటిన పెట్రోల్ బండ్ల మీద ఆంక్షలు 2015 నుంచి నడుస్తున్నాయి, కోర్టుల్లో ఆ విషయం అటూ ఇటూ మారుతూనే ఉంది. వేరే రాష్ట్రం బండి ఏదైనా ఫారం 28 మీద ఎన్‌ఓసీ కావాలి, ఇక్కడికి తెచ్చి ఏడాది దాటి ఉంచుకుంటే ఇక్కడి నంబరు తీసుకోవాలి, లైఫ్ ట్యాక్స్ కట్టాలి. అక్కడ ఎవరూ చూడని ఇంజన్ నంబరు ఇక్కడ కొత్త రిజిస్ట్రేషన్‌కు తప్పకుండా చూస్తారు. మార్పులు చేసిన బండి అయితే సొంత రాష్ట్రంలోనే వెతుక్కోమంటాను.

వింటేజ్ రిజిస్ట్రేషన్ చేయిస్తే ఈ గొడవలన్నీ పోతాయా?

పోవు. 2021 జులైలో కేంద్రం తెచ్చిన నియమాల ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ నుంచి యాభై ఏళ్ళు దాటిన కారుకు "వీఏ" అక్షరాలతో ప్రత్యేక నంబరు ఇస్తారు, ఫీజు 20,000 రూపాయలు, పదేళ్ళు చెల్లుతుంది. కానీ ఛాసిస్, బాడీ, ఇంజన్ పెద్దగా మార్చనిదై ఉండాలి. పైగా ఆ నంబరు వచ్చాక ర్యాలీలకు, ప్రదర్శనలకు, పెట్రోలుకు, రిపేర్లకు తప్ప మామూలుగా తిరగకూడదు. ఇసుజు ఇంజన్ పెట్టిన 1970 అంబాసిడర్‌కు ఆ దారి లేదు, ఉన్నా రోజూ నడపాలనుకునేవాళ్ళకు అది పనికిరాదు.

ఎలక్ట్రిక్‌గా మార్చిన పాత కారు?

దీనికి మాత్రం చట్టంలో తలుపు తెరిచి ఉంది. ఏఐఎస్-123 ప్రమాణం ప్రకారం ఆమోదం పొందిన కిట్‌ను, అనుమతి ఉన్న సెంటర్‌లో బిగించి, ఆర్‌సీలో ఇంధనం మార్పించుకోవాలి. కిట్ ఆమోదం మీ మోడల్‌కు వర్తిస్తుందో లేదో కాగితం మీద చూడండి. షెడ్డులో సొంతంగా మోటారు, బ్యాటరీలు బిగించిన బండి ఎంత మెత్తగా నడిచినా నేను దూరంగా ఉంటాను.

అమ్మకానికి పెడుతున్నాను. ప్రకటనలో ఏం రాయాలి, ఏం దాచాలి?

ఏదీ దాచొద్దు. మీ బండిని మీకంటే బాగా చూసుకునేవాడు కావాలా, వారం తర్వాత ఫోన్ చేసి తిట్టేవాడు కావాలా?

ఏ మార్పు ఎప్పుడు, ఎవరి దగ్గర, ఎందుకు చేయించారో తేదీలతో రాయండి. ఆర్‌సీలో ఎక్కినవి ఏవి, ఎక్కనివి ఏవి విడివిడిగా చెప్పండి. తుప్పు ఉన్నచోటే దగ్గరగా ఫొటో తీయండి, అడుగు భాగం ఫొటోలు నాలుగు పెట్టండి, చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేసే వీడియో ఒకటి. నేను కాంటెస్సా అమ్మినప్పుడు డిక్కీ మూలలో వేలు దూరేంత చిల్లు ఫొటోనే ముందు పెట్టాను. కర్నూలు నుంచి ఒకాయన వచ్చి, "చిల్లు చూపించినవాళ్ళు మిగతాది దాచరు" అని, చెప్పిన ధరకు పెద్దగా బేరం లేకుండా తీసుకెళ్ళాడు.

టెస్ట్ డ్రైవ్‌కు లైసెన్సు ఫొటో తీసుకుని, మీరు పక్కన కూర్చునే పంపండి. అడ్వాన్స్ తీసుకుంటే ఎంత, ఎన్ని రోజులు ఆగుతారు, కాగితాల్లో తేడా వస్తే తిరిగి ఇస్తారా అన్నది తెల్లకాగితం మీద రాసుకుని ఇద్దరూ సంతకం పెట్టండి.

ఓనరు పేరు మార్పుకు పెట్టే ఫారం 29, 30 మీద సంతకాలు పెట్టి ఇచ్చేస్తే నా పని అయిపోయినట్టేనా?

కాదు, దయచేసి అలా చెయ్యకండి. తేదీ లేకుండా, కొనేవాళ్ళ పేరు లేకుండా సంతకాలు పెట్టిన ఫారాలతో ఒక బండి నాలుగు చేతులు మారుతుంది, రికార్డులో మాత్రం మీరే ఓనరు. అలాంటి బండి వల్ల ప్రమాదం జరిగితే రిజిస్టర్డ్ ఓనరుదే బాధ్యత అని 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది, ఆ కేసులో బండి నిజంగానే చేతులు మారుతూ పోయింది, అయినా రికార్డులో పేరున్నాయనే బాధ్యుడయ్యాడు. శక్తి పెంచిన ఇంజన్‌తో, పాత బ్రేకులతో మీ పేరు మీద బండి ఎక్కడ తిరుగుతుందో తెలియకపోతే రాత్రి నిద్రపడుతుందా?

చట్టం ప్రకారం అదే రాష్ట్రంలో అమ్మితే మీరు 14 రోజుల్లో ఆర్టీఏకు తెలపాలి, కొన్నవాళ్ళు 30 రోజుల్లో దరఖాస్తు చెయ్యాలి. నా పద్ధతి ఒక్కటే: ఇద్దరం కలిసి స్లాట్ తీసుకుని ఆఫీసుకు వెళ్తాం, మిగిలిన డబ్బు, తాళాలు ఆ రోజే. అది కుదరకపోతే డెలివరీ రసీదులో తేదీతో పాటు గంట, నిమిషం కూడా రాసి, ఆధార్ కాపీ జతచేసి, తీసుకెళ్ళేవారి ఫొటో బండితో సహా తీసి పెట్టుకోండి. ఈ-చలానా ఎవరి ఖాతాలోదో ఆ గంటే చెప్తుంది.

ఇన్సూరెన్స్ వాళ్ళకు మార్పుల సంగతి చెప్పాలా?

చెప్పాలి, రాతపూర్వకంగా. చెప్పకుండా దాచిన ఇంజన్ మార్పు క్లెయిమ్ రోజున బయటపడితే సొంత నష్టం డబ్బు పోయినట్టే. ఐదేళ్ళు దాటిన బండికి విలువ ఎంత అన్నది మీరూ కంపెనీ మాట్లాడుకుని నిర్ణయించుకునే అవకాశం ఉంది, కాబట్టి ఫొటోలు, బిల్లులు చూపించి అడగండి. కొన్నాక 14 రోజుల్లో పాలసీ మీ పేరుకు మార్చమని దరఖాస్తు పెట్టండి. నో క్లెయిమ్ బోనస్ బండితో రాదు, అది పాత ఓనరుది.

నాన్నగారు పోయారు, కారు ఇంకా ఆయన పేరు మీదే ఉంది. అమ్మొచ్చా?

ముందు వారసుల పేరుకు రావాలి. ఫారం 31, మరణ ధ్రువీకరణ పత్రం, మిగతా వారసుల అంగీకారం కావాలి, మూడు నెలల్లో దరఖాస్తు చెయ్యాలి. ఆలస్యమైనా చెయ్యొచ్చు, కాస్త తిరగాల్సి వస్తుంది. నాన్నగారు పెట్టించిన ఇంజన్ ఆర్‌సీలో లేకపోతే ఆ విషయం అప్పుడే సరిచేయించుకోండి. ఇంకో మాట, ఇలాంటి కారును ఆ ఏడాదే అమ్మెయ్యొద్దు. నాకు ఫోన్ చేసి, అమ్మేసిన కారు ఎక్కడుందో కనుక్కోగలరా అని అడిగినవాళ్ళు ముగ్గురున్నారు. ఒక్కరిదే దొరికింది.

అమెరికాలో ఉంటున్నాను, మా ఇంటి అంబాసిడర్ ఇక్కడికి తెచ్చుకోవచ్చా?

అక్కడి నిబంధనల్లో 25 ఏళ్ళు దాటిన కారుకు భద్రతా ప్రమాణాల నుంచి మినహాయింపు ఉంది. కాలుష్యం విషయంలో 21 ఏళ్ళు దాటితే చాలు, కానీ బండి అసలు రూపంలో, మార్పులు లేకుండా ఉండాలి. అంటే ఇంజన్ మార్చిన బండికి చిక్కు వస్తుంది. అసలు ఇంజన్ దాచి ఉంటే ముందు దాన్ని బిగించండి. ఓడ ఎక్కించే ముందు అడుగు భాగం మట్టి లేకుండా కడిగించాలి, లేకపోతే అక్కడి రేవులో ఆపేస్తారు.

బండితో పాటు కొన్నాయనకు ఏమేం ఇవ్వాలి?

ఆర్‌సీ, బిల్లులు, రెండో తాళం, పాత సామాన్ల పెట్టె. వీటితో పాటు నేను ఒక రెండు వందల పేజీల నోటుపుస్తకం ఇస్తాను. ఏ ఫ్యూజు దేనిది, ఏ వైరు ఎక్కడికి వెళ్తుంది, డిస్క్ బ్రేకు ప్యాడ్లు ఏ కారువి సరిపోతాయి, ఏసీ బెల్టు సైజు, ఫైరింగ్ ఆర్డర్ 1-3-4-2, టాపెట్ గ్యాపు, చలికాలంలో చోక్ ఎంత లాగాలి, ఏ షెడ్డులో ఏ మేస్త్రి ఈ బండి పని చేశాడు, అన్నీ అందులో ఉంటాయి. మార్పులు చేసిన బండికి కంపెనీ మాన్యువల్ సగమే పనికొస్తుంది, మిగతా సగం మీరు రాసిందే. నా రెండో అంబాసిడర్ కొన్నాయన పోయిన సంక్రాంతికి ఆ పుస్తకంలో తాను రాసిన పేజీలు ఫొటో తీసి పంపాడు. నా రాత ముప్పై రెండో పేజీలో ఆగితే, ఆయన రాత ముప్పై మూడో పేజీ నుంచి మొదలైంది.